ఓవర్‌లుక్, లుక్ ఓవర్ - ఒక మెయిలు వెనక ఆరొందల ఏళ్ళ కథ

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి. క్లయింటు ఒక డిజైన్ డాక్యుమెంటు పంపి, చూసి చెప్పమన్నాడు. నలభై పేజీలు. రాత్రి పదకొండు దాకా ఆఫీసులో కూర్చుని అక్షరం వదలకుండా చదివి, "మీ డాక్యుమెంటు మొత్తం ఓవర్‌లుక్ చేశాను, సమస్యలేమీ లేవు" అని ఇంగ్లీషులో మెయిలు కొట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మేనేజరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. అసలు చూడకుండానే సమస్యల్లేవని ఎలా చెప్తున్నారు అని క్లయింటు అడిగాడట!

'లుక్ ఓవర్' అంటే ఆసాంతం చూడటం. 'ఓవర్‌లుక్' అంటే చూడకుండా వదిలేయడం. ముక్కలు అవే రెండు, ముందువెనకలు మారాయంతే. ఆ ఏడాది అప్రైజల్లో నా పేరుకి ఎదురుగా "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని ఒక లైను పడింది. పదకొండు దాకా కూర్చున్న సంగతి మాత్రం ఎక్కడా పడలేదు.

ఆ మంటలోనే ఈ ముక్కల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, నా మెయిలు తప్పు కాదు. కాకపోతే ఓ ఐదారొందల ఏళ్ళు ఆలస్యంగా పంపాను. పధ్నాలుగో శతాబ్దం చివర్లో 'ఓవర్‌లుక్' అంటే పరిశీలించడమే. వదిలేయడం అనే అర్థం పదహారో శతాబ్దంలో దానికి అంటుకుంది. ఆ తర్వాత కూడా పాత అర్థం చాలాకాలం బతికే ఉంది. షేక్‌స్పియర్ 'టూ జెంటిల్మెన్ ఆఫ్ వెరోనా' నాటకంలో జూలియా తనకొచ్చిన ప్రేమలేఖని చదవకుండానే, కోపం నటిస్తూ పనమ్మాయి చేత తిప్పి పంపేస్తుంది. మరుక్షణం, అయ్యో, ఓవర్‌లుక్ చేసుంటే బావుండేదే అనుకుంటుంది. అంటే చదివి ఉంటే అని. షేక్‌స్పియర్‌కి అప్రైజల్ రాసే మేనేజరు లేడు, అదృష్టవంతుడు :)

అసలు విషయానికొస్తే, పాత ఇంగ్లీషులో ఈ చిన్న ముక్కలు చాలావరకు క్రియకి ముందు అతుక్కుని ఉండేవి. అండర్‌స్టాండ్, ఫర్గివ్, అప్‌హోల్డ్... ఇవన్నీ ఆ కాలపు మిగుళ్ళు. మనకి ఇది కొత్తేమీ కాదు. హైస్కూల్లో తెలుగు మాస్టారు ఉపసర్గలు చెప్పేటప్పుడు ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అని వల్లె వేయించలేదూ? ధాతువు ఒకటే, ముందు ముక్క మారితే భోజనం కాస్తా హత్య అయిపోతుంది. తమాషా ఏంటంటే సంస్కృతం నడిచిన దారి దీనికి సరిగ్గా ఎదురు. వేదకాలపు భాషలో ఉపసర్గ క్రియకి దూరంగా, విడిగా కూడా ఉండగలిగేది. తర్వాతి సంస్కృతంలో వచ్చి అతుక్కుపోయింది. ఇంగ్లీషులో అతుక్కుని ఉన్నది విడిపోయి వెనక్కి జరిగింది. జర్మన్ మధ్యలో ఆగిపోయింది. 'ఔఫ్‌గేబెన్' అంటే వదులుకోవడం, 'ఔఫ్' అంటే అప్, 'గేబెన్' అంటే గివ్. వాక్యంలో వాడేసరికి ఆ 'ఔఫ్' విడిపోయి చివరికి పోతుంది. జర్మనీ ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది.

వెనక్కి ఎందుకు జరిగింది? పాత ముందు ముక్కలు కొన్ని అరిగిపోయి అర్థం పలచబడిపోవడం ఒక కారణం. రెండోది వైకింగులు. తొమ్మిదో శతాబ్దంలో వాళ్ళు ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాలు ఆక్రమించి అక్కడే కాపురాలు పెట్టారు. వాళ్ళ నార్స్ భాషలో అప్పటికే ఇలాంటి ముక్క క్రియ వెనకే వచ్చేది. వాళ్ళ ప్రభావం ఎంత, ఇంగ్లీషు తనంతట తాను మారింది ఎంత అన్నదాని మీద పండితులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పోట్లాట లేనిది ఒకటుంది. టేక్, గెట్, కాల్ అనే క్రియలు స్వయంగా నార్స్ నుంచి వచ్చినవే. 'టేక్ ఆఫ్', 'గెట్ అప్', 'కాల్ ఆఫ్' అన్నప్పుడల్లా మనం సగం వైకింగు భాష మాట్లాడుతున్నట్టే.

ఇక నాకు బాగా నచ్చిన ఉదాహరణ. పీటర్‌బరో మఠంలో సన్యాసులు రాసుకున్న చరిత్ర పుస్తకం ఒకటుంది. దాని చివరి భాగం 1154 ప్రాంతంలో రాసింది. అందులో 1132వ సంవత్సరం కింద హెన్రీ అనే మఠాధిపతి కథ వస్తుంది. ఈయన ఫ్రాన్సులో ఒక మఠానికి అధిపతిగా ఉంటూనే, రాజుగారికి చుట్టం కాబట్టి 1127లో పీటర్‌బరో పదవి కూడా సంపాదించాడు. ఒకేసారి రెండు ఉద్యోగాలన్నమాట. 2022లో మన కంపెనీల్లో మూన్‌లైటింగ్ గొడవ జరిగినప్పుడు నాకు ఈయనే గుర్తొచ్చాడు. చివరికి రాజు మొదటి హెన్రీ పిలిపించి, పదవి వదులుకుని దేశం విడిచి పొమ్మన్నాడు. అక్కడ వాడిన మాటలు 'గివెన్ అప్', 'ఫారెన్ ఊట్'. (ఫారెన్ అంటే మన ఫారిన్ కాదు, వెళ్ళడం.) మనం 'పేపర్లు పెట్టేయడం' అంటామే, 'గివ్ అప్' అలాంటి సందర్భంలో ఇంత పాత కాగితాల మీద దొరుకుతోంది. పీటర్‌బరో వైకింగులు స్థిరపడిన ప్రాంతంలోదే.

ఈలోగా 1066లో నార్మన్లు వచ్చి కూర్చున్నారు. కోర్టు, కచేరీ, పెద్దింటి భోజనం అన్నీ ఫ్రెంచిలోకి వెళ్ళిపోయాయి. ఆ వెనకే పండితుల లాటిన్. దాంతో ఒకే పనికి రెండేసి మాటలయ్యాయి. పెద్దమనుషులు 'సరెండర్' అవుతారు, పొలంలో వాడు 'గివ్ అప్' చేస్తాడు. కాగితం మీద 'పోస్ట్‌పోన్', నోట్లో 'పుట్ ఆఫ్'. నిజానికి పోస్ట్‌పోన్ అన్నా లాటిన్లో 'తర్వాత పెట్టు' అనే! అక్కడ ముక్క ముందుంది, ఇక్కడ వెనకుంది, అంతే తేడా. పదిహేడో శతాబ్దంలో కవి డ్రైడెన్‌కి వాక్యం చివర ఇలాంటి చిన్న ముక్క వేలాడటమే నచ్చలేదు. 1668లో అచ్చయిన తన సొంత వ్యాసాన్నే 1684 కూర్పులో సరిదిద్దుకున్నాడు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ ఇంకా నిజాయితీపరుడు. ఇంగ్లీషు నేర్చుకునే పరదేశికి అన్నిటికన్నా కష్టం ఇక్కడే అని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. 'టేక్' ఒక్క మాటకే వందకు పైగా అర్థాలు ఇచ్చాడు. అప్పటికి వీటికి 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు కూడా లేదు. ఆ పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వేసిన పుస్తకంలో కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరని ఆయనే చెప్పుకున్నాడు. ఎనిమిదొందల ఏళ్ళు పేరు లేకుండానే పని జరిగిపోయింది.

మన దగ్గరికి ఇంగ్లీషు వచ్చింది పొలం గట్టు మీద నుంచి కాదు, పుస్తకంలోంచి, ప్రభుత్వ కాగితాల్లోంచి. 1835 తర్వాత బళ్ళలో చెప్పిందీ, గుమాస్తాలు రాసిందీ కచేరీ ఇంగ్లీషే. అందుకే మనకి 'టాలరేట్' తెలుసు, 'పుట్ అప్ విత్' అంటే తడబడతాం. 'ఇన్వెస్టిగేట్' తెలుసు, 'లుక్ ఇంటూ' అనాలంటే 'లుక్ ఎట్'తో కలిపేస్తాం. పోస్ట్‌పోన్ అచ్చులోనే 'ప్రీపోన్' పోత పోసుకున్నాం (దాన్ని వెక్కిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట, అంత చక్కటి మాట ఇంకోటి చూపించండి). మెయిలు చివర 'ఐ విల్ రివర్ట్' అంటాం. లాటిన్లో రివర్ట్ అంటే వెనక్కి తిరగడం, అంటే అక్షరాలా వాళ్ళ 'గెట్ బ్యాక్'. కానీ అవతల చదివే డెవలపరు, వీడు నా కమిట్ తీసేస్తాడా ఏంటి అని కంగారుపడతాడు. ఇక లేనిచోట ముక్క తగిలించడం ఇంకో రోగం. 'కోప్ అప్ విత్' అని నేనే ఎన్నిసార్లు రాశానో! కోప్‌కి అప్ అక్కర్లేదని పాతికేళ్ళొచ్చాక తెలిసింది. 'పాసవుట్ అయ్యాను' మాత్రం మన సొంత పైత్యం కాదు, బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించడాన్ని అలాగే అంటారు. అమెరికా వాడికి మాత్రం కాలేజీలో స్పృహ తప్పిపడిపోయామని వినిపిస్తుంది.

ఒకప్పుడు ఇంగ్లండులో లాటిన్ మాటలు రానివాడు చదువులేనివాడు. ఇప్పుడు మన మీటింగుల్లో లాటిన్ మాటలు మాత్రమే వచ్చినవాడు 'కమ్యూనికేషన్ వీక్'. మా ఊరి బడిలో చదివినవాడూ నగరంలో కాన్వెంటులో చదివినవాడూ ఒకే కోడ్ రాస్తారు. తేడా ఆ ఆఫ్, అప్, ఓవర్‌ల దగ్గరే బయటపడుతుంది.

అన్నట్టు, ఇది కోడ్‌లోకి కూడా వచ్చింది. 1961లో ఎమ్ఐటీలో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ వ్యవస్థలో 'లాగిన్' అనే కమాండు ఉండేది. ఈ 'లాగ్' అసలు చెక్క దుంగే. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్ళలో వేసేవారు, ఆ లెక్క రాసే పుస్తకం లాగ్‌బుక్ అయింది. కలిపి రాస్తే నామవాచకం, విడగొడితే క్రియ. బ్యాకప్ తీయడం వేరు, బ్యాక్ అప్ చేయడం వేరు. జేయూనిట్ పాత వెర్షన్లలో 'సెట్‌అప్' మెథడ్‌ పేరులో యు పెద్దక్షరం, ఎందుకంటే అది రెండు మాటల క్రియ. నేను ఒకసారి పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో దాన్ని చిన్నక్షరంతో రాశాను. ఎర్రరు లేదు, వార్నింగు లేదు, మెథడ్ అసలు నడవనే లేదు. పూట మొత్తం పోయింది. మళ్ళీ ఆ ముక్కే!

మొన్న మా టీములో లక్నో అబ్బాయి తెలుగు నేర్చుకుంటానని కూర్చున్నాడు. 'సర్వర్ పడింది'కీ 'పడిపోయింది'కీ తేడా ఏంటన్నాడు. చెప్పు, చెప్పేయ్ ఒకటేనా అన్నాడు. 'కను' అంటే చూడటం, 'పెట్టు' అంటే ఉంచడం, మరి 'కనిపెట్టు' అంటే కనుక్కోవడం ఎలా అయింది అన్నాడు. ఇవి మన ఫ్రేజల్ వెర్బులన్నమాట, ఇన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. చివరికి, "లిస్టులో ఈ లైను కొట్టేయ్ అంటున్నారు, నిన్న ఎవడో హెల్మెట్ కొట్టేశాడు అంటున్నారు, రెండూ ఒకటేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను, మూశాను. టీకి పోదాం పద అన్నాను. దారిలో వాడు ఫోన్లో పట్టిక తయారుచేసుకుంటున్నాడు, టెన్త్‌లో నేను చేసుకున్నట్టే.