గుండెకు ఎంఆర్ఐ: యాంజియోగ్రామ్ నార్మల్.. మరి ఛాతీ నొప్పి ఎందుకు? ఈ స్కాన్ ఏం తేలుస్తుంది?

ఛాతీలో నొప్పి. ఈసీజీలో తేడా. రక్తపరీక్షలో ట్రోపోనిన్ ఎక్కువ. హార్ట్ ఎటాక్ అనుకుని యాంజియోగ్రామ్ చేస్తే.. రక్తనాళాల్లో పెద్ద బ్లాకులేమీ లేవు! మరి గుండెకు ఏమైనట్టు? ఇలాంటప్పుడే డాక్టర్లు కార్డియాక్ ఎంఆర్ఐ రాస్తుంటారు.

ఎకో ఉండగా ఇదెందుకు?

గుండె ఎలా కొట్టుకుంటోంది, వాల్వులు ఎలా ఉన్నాయన్నది ఎకో చూపిస్తుంది. రక్తనాళాల్లో అడ్డంకుల్ని యాంజియోగ్రామ్ పట్టుకుంటుంది. కానీ గుండె కండరంలో వాపు ఉందా, మచ్చ పడిందా అన్నది స్పష్టంగా చెప్పేది ఎంఆర్ఐ.

మచ్చ ఎలా కనిపిస్తుంది?

స్కాన్ మధ్యలో చేతి నరం ద్వారా గాడోలినియం అనే మందు ఎక్కిస్తారు. సుమారు 10 నుంచి 15 నిమిషాల తర్వాత తీసే చిత్రాల్లో ఆరోగ్యంగా ఉన్న కండరం నల్లగా, దెబ్బతిన్న చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ఎక్కడుందన్నదే అసలు క్లూ. హార్ట్ ఎటాక్ అయితే మచ్చ కండరం లోపలి పొర నుంచి మొదలవుతుంది. మయోకార్డైటిస్ అయితే, అంటే వైరస్ లాంటి వాటి వల్ల గుండె కండరం వాస్తే, ఎక్కువగా బయటి పొరలోనో మధ్యలోనో ఉంటుంది. రెండింటికీ చికిత్స వేరు. అందుకే ఈ తేడా తేలడం ముఖ్యం.

తలసేమియా ఉన్నవాళ్లకు కీలకం

తరచూ రక్తం ఎక్కించుకునే వాళ్ల గుండెలో ఐరన్ పేరుకుపోయే ముప్పు ఉంది. దీన్ని ఎంఆర్ఐలో ‘టీ2 స్టార్’ అనే కొలతతో లెక్కిస్తారు. 20 మిల్లీసెకన్ల కంటే తక్కువ వస్తే గుండెలో ఐరన్ చేరినట్టు. 10 కంటే తగ్గితే హార్ట్ ఫెయిల్యూర్ ముప్పు బాగా ఎక్కువ. ఎకో నార్మల్‌గా ఉన్నా ఇది బయటపడొచ్చు. దాంతో ఐరన్ తగ్గించే మందుల్ని ముందే సరిచేసుకునే వీలుంటుంది.

స్కాన్‌కు ముందు ఇవి చెప్పాలి

* పేస్‌మేకర్, చెవి ఇంప్లాంట్, మెదడులో క్లిప్ ఉంటే వాటి కార్డు చూపించాలి. స్టెంట్ ఉన్నవాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు.
* కిడ్నీ సమస్య, గర్భం ఉంటే తప్పకుండా చెప్పాలి.
* ఇరుకు చోటంటే భయం ఉన్నా ముందే చెప్పాలి. స్కాన్‌కు 45 నిమిషాల నుంచి గంట పట్టొచ్చు. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఊపిరి బిగపట్టాలి.

ఎంఆర్ఐలో ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు. అయితే ఒక్క విషయం మర్చిపోవద్దు. ఛాతీ నొప్పి ఇప్పుడే మొదలైతే ఎంఆర్ఐ కోసం చూడకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముందు కావాల్సింది ఈసీజీనే.