విద్యార్థి వ్రాయు విజ్ఞాన సర్వస్వము

విజ్ఞాన సర్వస్వమును విద్యార్థి ఎట్లు వినియోగించుకొనవలయునను ప్రశ్నకు మన విద్యాలయములలో సాధారణముగా వినవచ్చు సమాధానము ఒక నిషేధము: వికీపీడియానుండి విషయమును ఎత్తివ్రాయరాదు, దానిని ప్రమాణముగా చూపరాదు. ఈ నిషేధము న్యాయమైనదే; ఆ విజ్ఞాన సర్వస్వముకూడ తన్ను అంత్యప్రమాణముగా చెప్పుకొనుట లేదు. కాని మాట అంతటితో ముగించుటచే విద్యార్థిని చదువరిగానే భావించి, రచయితగా అతనికి అచట లభింపగల శిక్షణను మనము ఉపేక్షించుచున్నాము. చదువరికి కలుగు ప్రయోజనముకంటె రచయితకు కలుగు ప్రయోజనమే గొప్పదని నా నిశ్చయము.

విజ్ఞాన సర్వస్వ రచనయే ఒక విద్యాశాల కాగలదనుటకు మన సారస్వత చరిత్రలోనే నిదర్శనము కలదు. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, మూడు సంపుటములు వెలువరించి, అకారమును దాటకమునుపే 1923లో దివంగతులైరి. గ్రంథము నిలిచిపోయినది, కాని ఆ కృషిలో వారికి తోడ్పడిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, విశ్వవిద్యాలయ పట్టము లేనివారయ్యును, శాసన పరిశోధనమున అగ్రగణ్యులై, రెడ్డిరాజ్యముల చరిత్రను ఆంగ్లమున రచింపగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానిని 1948లో ప్రకటించినది. ఆ సంపుటముల ఫలములో ఇట్టి పరిశోధకుడు రూపొందుటయు ఒక భాగమని నేను విశ్వసింతును.

2001 జనవరిలో ఆంగ్లమున ఆరంభమైన వికీపీడియాకు 2003 డిసెంబరులో తెలుగు రూపము ఏర్పడినది. నాడు కొందరు పండితులకే లభించిన అనుభవము ఇందు ఏ కళాశాల విద్యార్థికైనను అందుబాటులో నున్నది. ప్రతి వ్యాసమునకు వెనుక ‘చరిత్ర’ పుట కలదు; ఎవరు, ఏ దినమున, ఏ వాక్యమును మార్చిరో అందు నమోదై యుండును. ‘చర్చ’ పుటలో ఆ మార్పుల యుక్తాయుక్తములు వాదింపబడును. వ్యాసమునకు మించిన సాధారణ విషయములకు ‘రచ్చబండ’ కలదు. అచ్చుపుస్తకమున సిద్ధాన్నమువలె వడ్డింపబడు విజ్ఞానము ఇచట వండబడుచుండగనే కంటబడును.

ఒక ఉదాహరణమును గైకొందము. గుంటూరు ప్రాంతమునకు చెందిన విద్యార్థి తన గ్రామమును గూర్చిన ‘మొలక’ వ్యాసమును, అనగా ఆరంభదశలోనే యున్న చిన్న వ్యాసమును, విస్తరింప పూనుకొని, ఊరి చెరువును ఏ రాజు త్రవ్వించెనో తన తాతగారు చెప్పినట్లు వ్రాసెననుకొందము. మూలము చూపలేదని మరియొకరు ఆ వాక్యమును తొలగింతురు. విద్యార్థికి మనస్తాపము కలుగుట సహజము. కాని విద్య ఆరంభమగుట కూడ ఆ క్షణముననే. మూలమును వెదకుచు అతడు కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ వృత్తాంతములైన కైఫీయతులను, దక్షిణ భారత శాసన సంపుటములను, జిల్లా గెజెటీరును తెఱచును. కైఫీయతు ఒకటి చెప్పగా శాసనము వేరొకటి చెప్పినచో, దేనిని నమ్మవలయునని తానే తీర్పు చెప్పక, రెండింటిని పేర్కొని, ఏది ఎవరి మాటయో తెలుపుటకు అలవడును. ఇట్టి నిగ్రహము పరీక్షలకై వల్లెవేయుటచే అలవడదు. తాతగారి మాట మాత్రము అచ్చులో లేనందున ఆ వ్యాసమునకు వెలుపలనే నిలిచిపోవును. మౌఖిక సంప్రదాయమే ఆధారముగా గల మన పల్లెల చరిత్రకు ఇది నిజమైన నష్టము. విద్యార్థి ఆ కథను కళాశాల పత్రికలోనైనను విధిగా ప్రకటింపవలయునని నా అభిప్రాయము.

ప్రామాణ్యమును గూర్చిన శంకను కూడ స్పృశింపవలయును. 2005లో ‘నేచర్’ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర విషయములపై జరిపించిన పరిశీలనలో ఆంగ్ల వికీపీడియా వ్యాసమునకు సుమారు నాలుగు, బ్రిటానికా వ్యాసమునకు సుమారు మూడు దోషములు కనబడినవి. ఆ పద్ధతిని బ్రిటానికావారు తీవ్రముగా ఖండించిరి. ఈ ఫలితమును తెలుగు వ్యాసములకు అన్వయింపరాదు. సవరించు చేతులు అల్పముగా నున్నచోట తప్పు చిరకాలము నిలుచును; యంత్రానువాదమును సరిచూడక చేర్చినచో భాషయు చెడును.

కావున విద్యార్థిచే తొలుతనే క్రొత్త వ్యాసమును వ్రాయింపక, ఉన్న వ్యాసమున ఆధారములేని ఒక్క వాక్యమునకు మూలమును చూపించుటతో ఉపాధ్యాయుడు ఆరంభింపవలయును. మార్కులను తుదిప్రతికి మాత్రమే గాక, చరిత్ర పుటలో కనబడు సవరణలకును, ఆక్షేపణలకు చర్చాపుటలో విద్యార్థి యిచ్చిన సమాధానములకును కేటాయింపవలయును.