యోనా కూర్చున్న నీడ

కయత్తారు, కోవిల్‌పట్టి ప్రాంతపు తెలుగు ఇళ్ళలో మాట తెలుగు, చదువు తమిళం. అందుచేత ఒకే గ్రంథం మనకు రెండు భాషలలో ఎదురవుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ రెండూ వేరు వేరు మాటలు చెబుతాయి. యూదుల లేఖనాలలోని యోనా ప్రవక్త కథ అందుకు మంచి ఉదాహరణ.

గ్రంథం చిన్నది. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు. నీనెవె నగరానికి వెళ్ళి దాని చెడుతనాన్ని ఖండించమని దేవుడు ఆజ్ఞాపిస్తే, యోనా యొప్పేలో ఓడ ఎక్కి వేరే దిక్కుకు పారిపోతాడు. తుపాను, పెద్ద చేప కడుపులో మూడు దినాలు, మళ్ళీ ఒడ్డు. చివరకు నీనెవె చేరి, నలభై దినాలలో నగరం నాశనమవుతుందని చాటుతాడు. రాజూ ప్రజలూ పశ్చాత్తాపపడతారు. దేవుడు శిక్ష మానుకుంటాడు. చేప సంగతి అందరికీ తెలుసు. ఆ తరువాత ప్రవక్తకు కోపం వచ్చిన సంగతే చాలామంది పట్టించుకోరు.

ఎందుకా కోపం? నీనెవె అష్షూరు సామ్రాజ్యపు మహానగరం. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయింది అష్షూరువారే. యోనా అనే ప్రవక్త అంతకు ముందువాడైనా, ఈ గ్రంథం చాలా కాలం తరువాత రాసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే, దీన్ని మొదట చదివినవారికి నీనెవె అన్న పేరే మానని పుండు.

యోనా ఊరి వెలుపల తూర్పున కూర్చున్నాడు. దేవుడు ఒక చెట్టు మొలిపించి నీడ ఇచ్చాడు. మరునాడు పురుగు తొలిచి అది వాడిపోతే, యోనా చావు కోరుకున్నాడు. ఆ చెట్టు ఏది? తెలుగు బైబిలులో సొర. తమిళ బైబిలులో ఆమణక్కు, అంటే మన ఆముదం. హెబ్రీ మూలంలోని మాట ‘కీకాయోన్’. ఆ లేఖనాలలో అది మరెక్కడా రాదు. పాత గ్రీకు అనువాదం సొరజాతి తీగ అన్నది. జెరోమ్ తన లాటిన్ అనువాదంలో దాన్ని మార్చి మరో తీగ పేరు పెడితే, ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణపు చర్చిలో పెద్ద గలాటా జరిగిందని అగస్టీను అతనికి ఉత్తరం రాశాడు. నేటి పండితులు పలువురు ఆముదమనే అంటున్నారు.

మన కరిసల్ కాటివారికి ఆముదం సంగతి చెప్పనక్కరలేదు. ఎవరూ నాటకుండానే దిబ్బ మీద మొలుస్తుంది, చూస్తుండగా ఎదుగుతుంది. అది తెలిసినవారికి దేవుడి ప్రశ్న సులువుగా అందుతుంది. నీవు నాటని, పెంచని చెట్టు కోసం ఇంత బాధపడితే, కుడి ఎడమలు ఎరుగని లక్షా ఇరవై వేల మంది, అన్ని పశువులు ఉన్న నగరం కోసం నేను జాలిపడకూడదా? గ్రంథం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. యోనా ఏమన్నాడో చెప్పదు.

యూదులు ఏటా యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన, మధ్యాహ్నపు ప్రార్థనలో ఈ గ్రంథం చదువుతారు. తమ తప్పులకు క్షమాపణ వేడుకునే రోజునే, తమ శత్రువుకు దొరికిన క్షమాపణను తలచుకుంటారన్నమాట.

కయత్తారులో ఈ కథ చదివితే మరో ఆముదం గుర్తుకు వస్తుంది. 1799 అక్టోబరు 16న మేజర్ బానర్‌మన్ తక్కిన పాళెగాళ్ళను ఇక్కడికి పిలిపించి, వారి కళ్ళెదుట మన వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీయించాడు. 1801లో పాంచాలంకురిచ్చి కోట మళ్ళీ చిక్కాక, కుంపిణీవారు దాన్ని నేలమట్టం చేసి, ఇక అక్కడ ఊరనేది లేవకూడదని దున్ని ఆముదం చల్లారని చెప్పుకుంటారు. నీనెవెకు దొరికిన గడువు పాంచాలంకురిచ్చికి దొరకలేదు.

కుంపిణీని నిందించడం తేలికే. కాని ఆ గ్రంథం చివర దేవుడు నిలదీసింది నీనెవెను కాదు, దెబ్బతిన్న జాతికి చెందిన ప్రవక్తను. పాత గాయాన్ని తలచుకునే మనకూ, ఇంటి భాష నీడ పలచబడుతోందని దిగులుపడే మనకూ ఆ ప్రశ్న తగులుతుంది. మన చెట్టు కోసం బాధపడడం తప్పు కాదు. ఆ బాధ మన ఇంటి దగ్గరే ఆగిపోక, మనకు కానివారి పిల్లల దాకా, వారి పశువుల దాకా వెళ్ళాలన్నదే యోనా కథలోని ఉపదేశమని నా నమ్మకం.