నిర్వహణ విద్యలో బాధ్యతా దృక్పథం: జవాజా ప్రయోగం - ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్యాపార నిర్వహణ విద్యార్థులకు సుస్థిరతను, బాధ్యతాయుత నాయకత్వాన్ని బోధించాలన్న ఆలోచనకు 2007లో ఐక్యరాజ్యసమితి మద్దతుతో వెలువడిన ఆరు సూత్రాలు అంతర్జాతీయ రూపాన్నిచ్చాయి. అయితే అంతకు మూడు దశాబ్దాల ముందే భారతదేశంలో ఈ ఆలోచనను ఆచరణలో పరీక్షించిన సందర్భం ఒకటుంది. అదే 1975లో రాజస్థాన్‌లో మొదలైన జవాజా ప్రయోగం. నాయకత్వ బాధ్యత గురించి ఆ ప్రయోగం వెల్లడించిన అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కేస్ పద్ధతి - దాని పరిమితి

అహ్మదాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 1961లో ఏర్పడింది. విక్రమ్ సారాభాయ్ దాని ఆవిర్భావానికి ప్రధాన కారకుడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సహకారంతో అక్కడ కేస్ పద్ధతి బోధన స్థిరపడింది. ఒక సంస్థ ఎదుర్కొన్న వాస్తవ సమస్యను విద్యార్థి ముందుంచి, నిర్వాహకుని స్థానంలో నిలిచి నిర్ణయం తీసుకొమ్మనడం ఈ పద్ధతి సారాంశం. విశ్లేషణాశక్తిని పెంపొందించడంలో దీని విలువ కాదనలేనిది. కాని ఆ నిర్ణయ ఫలితాన్ని అనుభవించవలసినవారు తరగతి గదిలో ఉండరు. నిర్ణయం తప్పినా విద్యార్థి జవాబు చెప్పుకోవలసిన మనిషి అతని ఎదుట నిలవడు. బాధ్యతాబోధనకు సంబంధించి ఈ పద్ధతికి గల పరిమితి ఇదే.

పదవీ విరమణ అనే పాఠం

1965లో ఆ సంస్థకు తొలి పూర్తికాలిక డైరెక్టరైన రవి జె. మథాయ్ 1972లో స్వచ్ఛందంగా ఆ పదవిని విడిచి, అక్కడే ఆచార్యునిగా కొనసాగారు. డైరెక్టరు సమానులలో ప్రథముడు మాత్రమేనన్నది ఆయన భావన. వ్యక్తి తప్పుకున్నా సంస్థ నిలవాలన్న సూత్రాన్ని ఆయన తొలుత తనకే వర్తింపజేసుకున్నారు.

జవాజాలో ఆచరణ

జవాజా నాటి అజ్మీర్ జిల్లాలోని కరవు ప్రాంతం. భూమి, నీరు కొరవడిన ఆ ప్రాంతంలో వనరులు లేవన్న అభిప్రాయానికి భిన్నంగా, అక్కడి మనుషుల నైపుణ్యమే వనరని మథాయ్ భావించారు. నేతపనివారు, తోలుపనివారు ఈ కృషికి కేంద్రమయ్యారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఇందులో భాగస్వామి. దాని సారథి అశోక్ చటర్జీ మథాయ్‌కు తోడుగా నిలిచారు. కొత్త వస్తువులను రూపొందించడంతోనే పని ముగియలేదు. ముడిసరుకు సేకరణ, వెల నిర్ణయం, లెక్కలు, విక్రయం వంటి నిర్వహణ పనులను చేతివృత్తులవారే చేపట్టగలగాలన్నది ఆశయం. వారి సొంత సంస్థగా ఆర్టిజన్స్ అలయన్స్ ఆఫ్ జవాజా రూపొందింది.

ఇక్కడ గురుశిష్య సంబంధం తలకిందులైంది. తరతరాలుగా వర్తకులపై ఆధారపడిన వారు ఇకపై నిపుణులపై ఆధారపడితే, పరాధీనత రూపం మారుతుందే తప్ప తొలగిపోదు. కనుక తమ అవసరం లేకుండా చేసుకోవడమే నిపుణుల విజయానికి కొలమానమైంది. గ్రామస్థులతో పాటు ఆచార్యులు కూడా నేర్చుకునే ఈ ప్రక్రియను మథాయ్ 'గ్రామీణ విశ్వవిద్యాలయం'గా భావించారు. 1984లో ఆయన మరణించారు; ఈ అనుభవాన్ని వివరించే ఆయన గ్రంథం 1985లో వెలువడింది. ఆయన అనంతరం కూడా చేతివృత్తులవారి సంస్థ కొనసాగింది.

ముగింపు

జవాజా నమూనా వ్యాపార విద్య ప్రధాన స్రవంతిలో స్థిరపడలేదు. 1979లో వర్గీస్ కురియన్ ఆనంద్‌లో నెలకొల్పిన గ్రామీణ నిర్వహణ సంస్థ గ్రామవాసాన్ని పాఠ్యక్రమంలో చేర్చినా, అది గ్రామీణ నిర్వహణ అనే ప్రత్యేక శాఖకు చెందిన ఏర్పాటు. తక్కిన చోట్ల బాధ్యతను ఒక ప్రత్యేక పాఠ్యాంశంగా చేర్చి, తక్కిన పాఠ్యక్రమాన్ని యథాతథంగా ఉంచితే, తరగతిలో లేని మనిషి సమస్య అలాగే మిగులుతుంది. సుస్థిరత అంటే నాయకుడు నిష్క్రమించిన తరువాత కూడా నిలిచేది అన్న నిర్వచనాన్ని జవాజా ప్రయోగం ఆచరణలో చూపింది. నేటి బాధ్యతాబోధనను అంచనా వేయడానికి ఈ నిర్వచనం ఉపయుక్తమైన ప్రమాణం కాగలదు.