స్వచ్ఛంద పదవీ విరమణ పరిహారం – ఆదాయపు పన్ను నిబంధనలు

మిగిలిన సర్వీసుపై గల హక్కును వదులుకొన్నందుకు ఉద్యోగికి యాజమాన్యం చెల్లించే పరిహారాన్ని ఆదాయపు పన్ను చట్టం, 1961 లోని 17(3) సెక్షన్ వేతనానికి బదులుగా లభించిన ప్రయోజనంగా పరిగణించి, పన్ను పరిధిలోకి తెచ్చింది. ఉద్యోగం ముగింపునకు లేదా ఉద్యోగ షరతుల మార్పునకు సంబంధించిన పరిహారం ఏ పేరుతో అందినా పన్నుకు లోబడే విధంగా 2018 ఆర్థిక చట్టం 56వ సెక్షన్‌ను సవరించింది. ఈ సాధారణ సూత్రానికి ముఖ్యమైన మినహాయింపు స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలకు వర్తించే 10(10సి) సెక్షన్.

మినహాయింపు పరిమితి

ఈ సెక్షన్ ప్రకారం గరిష్ఠంగా రూ.5 లక్షల వరకు పన్ను మినహాయింపు లభిస్తుంది. ఉదాహరణకు రూ.18 లక్షల పరిహారం పొందిన ఉద్యోగికి రూ.5 లక్షలు పోను, మిగిలిన రూ.13 లక్షలు ఆదాయంలో చేరతాయి. సొమ్ము వాయిదాలలో అందినా పరిమితి మారదు. ఒక సంవత్సరంలో మినహాయింపు పొందిన వారు మరొక సంవత్సరంలో దానిని తిరిగి కోరరాదు. గ్రాట్యుటీ, భవిష్యనిధి, సెలవుల నగదు మార్పిడికి వేర్వేరు నిబంధనలున్నాయి. ప్రభుత్వేతర ఉద్యోగుల సెలవుల నగదు మార్పిడిపై మినహాయింపు పరిమితిని 2023లో రూ.3 లక్షల నుండి రూ.25 లక్షలకు పెంచగా, విరమణ పరిహారం పరిమితి మాత్రం రూ.5 లక్షల వద్దనే ఉన్నది.

షరతులు

ఆదాయపు పన్ను నియమావళిలోని 2బిఎ నిబంధన ప్రకారం ఉద్యోగి పది సంవత్సరాల సర్వీసు గానీ, 40 సంవత్సరాల వయస్సు గానీ పూర్తిచేసి ఉండాలి. ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద వైదొలగు పథకాలకు ఈ షరతు వర్తించదు. కంపెనీ లేదా సహకార సంఘం డైరెక్టర్లు పథకానికి అర్హులు కారు. పథకం వలన సిబ్బంది సంఖ్య వాస్తవంగా తగ్గాలి. ఏర్పడిన ఖాళీని భర్తీ చేయరాదు. విరమించిన వారిని అదే యాజమాన్యం కింది మరొక సంస్థలో నియమించరాదు.

89వ సెక్షన్ ఉపశమనం

ఒకేసారి పెద్ద మొత్తం అందినందున పెరిగే పన్ను భారాన్ని తగ్గించుటకు 89వ సెక్షన్ ఉపశమనం కల్పిస్తుంది. అయితే 2009 ఆర్థిక చట్టం సవరణ అనంతరం ఒకే పరిహారంపై ఉభయ ప్రయోజనాలు పొందే వీలులేదు. కావున రెండు విధాలుగా లెక్కించి, ఏది లాభదాయకమో రిటర్ను దాఖలుకు ముందే నిర్ణయించుకొనవలసి ఉంటుంది.

యాజమాన్యాలకు

పథకం కింద చెల్లించిన మొత్తాన్ని సంస్థ ఒకే సంవత్సరపు వ్యయంగా చూపరాదు. 35డిడిఎ సెక్షన్ ప్రకారం అయిదు సమాన భాగాలుగా అయిదేళ్లలో తగ్గించుకొనవచ్చును. పన్ను వర్తించే భాగంపై మూలంలోనే పన్ను కోత విధించుట యాజమాన్యం బాధ్యత.

నేపథ్యం

బి.ఎస్.ఎన్.ఎల్. 2019లో ప్రకటించిన పథకం కింద 78,569 మంది ఉద్యోగులు 2020 జనవరి 31న విరమణ పొందారు. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ 2025లో ఇటువంటి పథకం ప్రకటించబడినది.

2026 మార్చి 31 వరకు గల ఆదాయానికి 1961 చట్టం, ఏప్రిల్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తిస్తాయి. కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారినందున, ఉత్తర్వులలోను, వార్తలలోను ఏ చట్టం కింది సెక్షనో స్పష్టంగా పేర్కొనుట అవసరం.