గంజాయి కేసులో పదేళ్ల శిక్ష: అప్పీలులో రాజ్యాంగం ఎంతవరకు ఆదుకుంటుంది?

ఒడిశా సరిహద్దుకు దగ్గరున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గంజాయి కేసు అంటే ఎన్‌డీపీఎస్ చట్టం (1985). గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. కూలికి సంచి మోసినవాడికీ, సరుకు యజమానికీ కనీస శిక్ష ఒకటే. అందుకే హైకోర్టులో 'పేదవాడు, కనికరించండి' అంటే సరిపోదు. హక్కుల ఉల్లంఘన ఎక్కడ జరిగిందో చూపాలి.

గడువు: తీర్పు వచ్చిన 60 రోజుల్లో అమరావతిలోని హైకోర్టులో అప్పీలు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపి మన్నింపు కోరవచ్చు. ఖైదీకి తీర్పు ప్రతి ఉచితంగా ఇవ్వడం, అప్పీలుకు న్యాయవాదిని సమకూర్చడం 21వ అధికరణలో భాగమని హోస్కాట్ కేసులో (1978) సుప్రీంకోర్టు చెప్పింది.

శిక్ష నిలుపుదల: అప్పీలు తేలేదాకా శిక్షను ఆపే అధికారం కోర్టుకు లేదని సెక్షన్ 32ఏ చెప్పేది. అంతమేరకు అది రాజ్యాంగ విరుద్ధమని దాదూ కేసులో (2000) సుప్రీంకోర్టు తేల్చింది. అయితే వాణిజ్య పరిమాణం కేసుల్లో సెక్షన్ 37లోని కఠిన షరతులు దాటాల్సిందే.

ఒప్పుకోలు: సెక్షన్ 67 కింద అధికారులు రాయించుకున్న నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. ఇది తూఫాన్ సింగ్ తీర్పు (2020). తనపై తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న 20(3) అధికరణ దీనికి ఒక ఆధారం.

సోదా: ఒంటిమీద సోదా చేసేముందు, మేజిస్ట్రేట్ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట చేయించుకునే హక్కుందని చెప్పాలి (సెక్షన్ 50). చెప్పకుండా దొరికిన సరుకు ఒక్కటే ఆధారమైతే శిక్ష నిలవదని బల్దేవ్ సింగ్ కేసులో (1999) రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చేతిసంచి సోదాకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. రవాణా కేసులు ఎక్కువగా వీగిపోని చోటు ఇదే.

ఉచిత న్యాయవాది: ఎస్సీ, ఎస్టీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో పనిలేకుండా న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ 15100 నంబరును గానీ అడగాలి.

కుటుంబం ముందు చేయాల్సింది ఒక్కటే: తీర్పు ప్రతి, పంచనామా, ల్యాబ్ రిపోర్టు చేతికి తెచ్చుకోవాలి. ఉల్లంఘన ఎక్కడుందో ఆ కాగితాల్లోనే తెలుస్తుంది.