సీడరు విల్లు – యాహీ జాతి కడపటి విలుకాడు

విల్లనగానే మన చదువరులకు గాండీవమో, శివధనుస్సో స్ఫురించును. అవి దేవతల విండ్లు. ఇచ్చట చెప్పబోవునది యొక వేటగాడు తన చేతులతో చేసికొన్న 42 అంగుళముల పొట్టివిల్లు. దానిని చేయు విద్య యొక ప్రజతోపాటు నశించిపోవలసినది. ఒక వైద్యుని కుతూహలమువలన మిగిలినది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగమున మిల్ క్రీక్, డీర్ క్రీక్ అను వాగుల లోయలలో యాహీలు వేటాడి, చేపలు పట్టి జీవించుచుండిరి. 1848లో ఆ రాష్ట్రమున బంగారము బయల్పడెను. దానికై వచ్చిపడిన వలసజనము తరువాతి యిరువదియేండ్లలో యాహీలను మృగములవలె వేటాడి చంపెను. మిగిలిన కొలదిమంది అడుగుజాడ కనబడనీయక నలుబదియేండ్లు దాగి బ్రదికిరి. 1908లో భూమి కొలుచువారు కొందరు వారి గుడిసెలను కనుగొని, అందలి బాణములను, బుట్టలను, తోలు దుప్పట్లను ఎత్తుకొనిపోయిరి. వారికది వేడుక, వీరికది జీవనాధారము.

1911 ఆగస్టు 29న ఒరోవిల్ పట్టణపు కబేళావద్ద ఆకలితో నున్న మనుష్యుడొకడు పట్టుపడెను. అతని మాట యెవరికిని తెలియలేదు. విశ్వవిద్యాలయమునుండి వచ్చిన వాటర్‌మన్ పండితుడు పొరుగు తెగల పదముల పట్టిక నొకదానిని చదువుచు, మంచపు పట్టెను తాకి పైన్ జాతి కొయ్య పేరైన 'సివిని' యను మాట పలుకగా, ఆ బందీ ముఖము వికసించెనట. లోకముతో నతనిని కలిపిన మొదటి మాట కొయ్య పేరే. తన పేరు తాను చెప్పుకొనుట యాహీల మర్యాద కాదు. భర్తపేరు పలుకని మన పెద్దముత్తైదువల నెరిగినవారికి ఇది వింతగా తోపదు. అందుచే క్రోబర్ పండితుడతనికి 'ఇషీ' యని పేరిడెను. వారి భాషలో మనుష్యుడని యర్థము.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు మ్యూజియమున ఇషీ నివసించెను. ప్రక్కనున్న వైద్యశాలలో శస్త్రవైద్యుడగు సాక్స్‌టన్ పోప్ అతనికి మిత్రుడై, పిదప శిష్యుడయ్యెను.

ఇషీ మెచ్చిన కొయ్య కొండలలో పెరుగు జూనిపరు. ఈ జాతి చెట్లను అమెరికనులు సీడరనియు వ్యవహరింతురు. మన హిమాలయ దేవదారుతో దీనికి పేరులోనే చుట్టరికము. కొమ్మను చీల్చి, తెల్లచేవతో గూడిన పైపొరను గ్రహించి, గీకి, ఇసుకరాతిపై రుద్ది రూపు తెచ్చెడివాడు. కొనలను కాల్చిన రాతిపై నానించి వెనుకకు వంచి, మరియొక కఱ్ఱకు కట్టి, చీకటిగల పొడిచోట ఆరబెట్టెడివాడు. ఆరుట నెలలు పట్టవచ్చును, ఏండ్లును పట్టవచ్చును.

విల్లు వంగునప్పుడు దాని వీపు సాగును, కడుపు నొక్కుకొనును. ఈ కొయ్య నొక్కుడు నోర్చును గాని, సాగదీసిన చిట్లును. దానికి యాహీలు కనుగొనిన విరుగుడు మెచ్చదగినది. సాల్మన్ చేప చర్మమును కాచి జిగురు తీసి వీపునకు పూసెదరు. లేడికాళ్ల నరములను నమిలి, మెత్తబరచి, పోగులుగా విడదీసి, అంచుపై అంచు వచ్చునట్లు దట్టముగా నంటింతురు. ఆరునంతవరకు విల్లో చెట్టు బెరడు పట్టెలతో బిగించి కట్టుదురు. సాగెడు భారమంతయు నరములది, నొక్కుడు కొయ్యది. నారియు లేడినరమే. సుమారు 45 పౌనుల బలముతో లాగవలసిన ఈ విల్లు బాణమును 200 గజముల దూరము పంపెడిది.

నారి యెక్కించి యుంచినను, నిలువుగా నానించినను విల్లలసి చెమర్చునని ఇషీ చెప్పెడివాడు. దానిని పరుండబెట్టవలెను, ఎవరును దాటరాదు. మంచి వింటి నారిని బాణముతో మీటిన పాట పలుకునని యతని నమ్మకము. వింటి కొనను పెదవుల మూల నుంచుకొని మీటుచు పాడెడివాడు.

1914లో మిత్రులతనిని డీర్ క్రీకునకు తోడ్కొనిపోయిరి. తాను వేటాడిన తావులను, దాగిన తావులను వారికి చూపెను. 1916 మార్చి 25న క్షయవ్యాధితో మరణించెను. మిత్రులు పేటికలో ఒక విల్లు, ఐదు బాణములు, సింధూరగింజల పిండి యుంచి దహనముచేసిరి. కాని దేహమును కోయరాదని క్రోబర్ వ్రాసిన జాబు ఆలస్యముగా చేరెను. అప్పటికే మెదడును వేరుచేసిరి. అది స్మిత్‌సోనియన్ సంస్థకు చేరి పెక్కేండ్లుండెను. 1918లో పోప్ యాహీల విలువిద్యపై గ్రంథము ప్రకటించెను. అందలి కొలతలను బట్టి నేడును కొందరీ విల్లు చేయుచున్నారు. ఇషీ మెదడు 2000లో అతని బంధుజాతులవారికి అప్పగింపబడగా, వారు చితాభస్మముతోగూడ దానిని పూర్వుల భూమిలో, ఇతరులకు తెలియని చోట పాతిపెట్టిరి.